మొదటి హోమ్‌వరల్డ్‌లో మనం, రెండో హోమ్‌వరల్డ్‌లో వాళ్లు



కొంచెం పెద్ద పోస్టే ఇది. పరీక్షలు దగ్గర పడ్డవాళ్లు సేవ్ చేసుకుని తర్వాత చదవండి. పోయిన వారం గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, హోమ్‌వరల్డ్ మొదటిది వదిలేసి డైరెక్టుగా రెండోది ఆడితే ఏమన్నా మిస్సవుతామా?" కింద అందరూ ఒక్కో లైను కొట్టి వదిలేశారు. రెండోదే బాగుంటది, కంట్రోల్స్ ఈజీ, అని సగం మంది. మా గాజువాక రూములో మాత్రం ఇదే ప్రశ్న మీద మూడు నెలలుగా గొడవ నడుస్తోంది. అందుకే నలుగురం కూర్చుని రాస్తున్నాం. టైపు చేసే చెయ్యి ఒకరిదే గానీ మాట నలుగురిదీ. ఎక్కడ మాలో మాకే పడలేదో అక్కడ ఆ సంగతీ చెప్తాం.

అసలు ఈ గేమ్ గురించి వినని చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉంటారు కాబట్టి ముందు రెండు ముక్కలు. హోమ్‌వరల్డ్ 1999 సెప్టెంబర్‌లో వచ్చింది. కెనడాలో వాంకూవర్ నగరంలో ఉన్న రెలిక్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ చేసింది. రెండోది 2003లో వాళ్లే చేశారు. అంతరిక్షంలో నౌకలు కట్టుకోవడం, రాళ్ల నుంచి ఖనిజం ఏరుకోవడం, యుద్ధం చేయడం, ఇదీ ఆట. అప్పటిదాకా స్ట్రాటజీ గేములు ఎక్కువగా చదరంగం బల్లలా చదునుగా ఉండేవి. ఇందులో పైకీ కిందికీ కూడా వెళ్లొచ్చు. మొదట్లో ఇది బుర్రకెక్కదు. మాకు ఎక్కింది ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ చూసొచ్చిన తర్వాతే. నీళ్లలో ఎదురుగా వచ్చేవాడే శత్రువు కాదు, అడుగు నుంచి కూడా వస్తాడు కదా, అలాగే ఇక్కడానూ. ఎం నొక్కితే ఒక చక్రం లాంటిది వస్తుంది, షిఫ్ట్ పట్టుకుంటే ఎత్తు మారుతుంది. రెండు రోజులు చిరాకు పడతారు, మూడో రోజు నుంచి మామూలు గేములే చప్పగా అనిపిస్తాయి.

కథ చెప్తాం. కొంత తెలిసిపోతుంది, ఏమీ అనుకోకండి, పాతికేళ్ల నాటి గేమ్ ఇది.

ఖరాక్ అని ఒక ఎడారి గ్రహం. అక్కడి జనం తాము ఆ గ్రహానికి చెందినవాళ్లం కామని కనుక్కుంటారు. ఇసుకలో పూడిపోయిన ఒక పాత ఓడ దొరుకుతుంది. అందులో ఒక రాయి. దాని మీద నక్షత్రాల పటం, ఒకే ఒక్క మాట: హిగారా. వాళ్ల పాత భాషలో మన ఇల్లు అని అర్థం. ఆ ఇంటికి వెళ్లడానికి అందరూ కలిసి ఒక మదర్‌షిప్ కడతారు. కారన్ స్‌జెట్ అనే శాస్త్రవేత్త తన శరీరాన్నే ఆ ఓడకి అనుసంధానం చేసుకుంటుంది. మొదటిసారి దూరం దూకి పరీక్షించుకుని వెనక్కి వచ్చేసరికి ఖరాక్ తగలబడుతూ ఉంటుంది. గ్రహం మొత్తం. ప్రయాణానికని మంచులో నిద్రపుచ్చి కక్ష్యలో ఉంచిన ఆరు లక్షల మందే మిగిలిన జాతి. ఆ పెట్టెల మీద కూడా శత్రువు కాలుస్తుంటాడు. మీరు వాటిని ఒక్కొక్కటే లాక్కొచ్చి మదర్‌షిప్‌లోకి చేర్చాలి. వెనకాల శామ్యూల్ బార్బర్ రాసిన అడాజియో, గాయక బృందం పాడినది, వస్తూ ఉంటుంది. మూడో మిషనే ఇది. ఇంకా ఆట సరిగ్గా మొదలవనట్టే లెక్క.

ఎందుకు తగలబెట్టారో తర్వాత తెలుస్తుంది. దొరికిన శత్రువు కెప్టెన్‌ని అడిగితే చెప్తాడు: నాలుగు వేల ఏళ్ల కింద ఒక ఒప్పందం ఉందట, దాని ప్రకారం వీళ్లు దూరం దూకే ఇంజను తయారు చేసుకోకూడదట. వీళ్లలో బతికున్న ఒక్క మనిషికి కూడా ఆ ఒప్పందం సంగతి తెలియదు. ఎవరి తాతలు ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో, వేయించారో, దాని శిక్ష మాత్రం వీళ్లకి.

ఈ సీను మేం నలుగురం నాలుగు సార్లు ఆడాం. ప్రతిసారీ ఇక్కడ రూములో ఎవరో ఒకరు ఫారెస్టోళ్ల మాట ఎత్తుతారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చేనాటికి మన కొండల్లో దాన్ని చదవగలిగినవాళ్లు ఎంతమంది? కానీ ఆ గీత గీసిన రోజు నుంచి పోడు చేసినవాడు ఆక్రమణదారు అయిపోయాడు. కెనడాలో ఎవరో కుర్రాళ్లు కూర్చుని చేసిన ఆటకి మన ఊళ్ల సంగతి తెలిసే అవకాశం లేదు. అయినా తగలాల్సిన చోట తగులుతుంది.

ఇంకో సంగతి. మొదటి గేమ్‌తో పాటు ఇచ్చిన పుస్తకంలో ఖరాక్ జనం చరిత్ర చాలా పేజీలు ఉంటుంది. వాళ్లది కులాల సమాజం కాదు, వంశాల సమాజం. కీథ్ అంటారు. స్‌జెట్ వాళ్లు విజ్ఞానం వైపు, సోబన్ వాళ్లు యోధులు, సొమ్టావ్ వాళ్లు గనులు తవ్వే చిన్న వంశం. మనలో పాంగి, కొర్రా, కిల్లో, వంతల అంటే ఎలా ఒక లెక్క ఉంటుందో, ఎవరు ఎవరికి బావ అవుతారో, ఎవరు అన్నదమ్ముల వరసో, కాస్త ఆ పోలిక. ఆ సొమ్టావ్ వాళ్ల మీదే 2000లో కాటక్లిజం అని ఒక విడి గేమ్ వచ్చింది. పెద్ద వంశాలు పట్టించుకోని గనివాళ్లు మొత్తం జాతిని కాపాడతారు అందులో. దాని గురించి వేరే పోస్టు రాయాలి, ఇక్కడ చోటు లేదు.

ఇక ఆట తీరు. అసలు తేడా ఇక్కడే ఉంది, గ్రాఫిక్స్‌లో కాదు.

మొదటి దానిలో ప్రతి నౌకనీ ఒక్కొక్కటిగా కడతారు. ఒక మిషన్‌లో బతికినవి తర్వాతి మిషన్‌కి మీతో వస్తాయి. చచ్చినవి రావు, అంతే. చిన్న ఫైటర్లకి ఇంధనం ఉంటుంది. అయిపోతే దాదాపు ఆగిపోయినట్టే, మదర్‌షిప్ దగ్గరికో సపోర్ట్ ఫ్రిగేట్ దగ్గరికో వెనక్కి రావాలి. కాబట్టి మీ వాళ్లు ఎంత దూరం వెళ్లగలరో ఎప్పుడూ లెక్క ఉంచుకోవాలి. నెలాఖరులో మెస్ బిల్లు కట్టి ఊరికి బస్సు చార్జీ మిగిలిందా లేదా చూసుకున్నట్టు.

సాల్వేజ్ కార్వెట్లని ఉంటాయి. చిన్న బండ్లు. రెండు మూడు కలిసి శత్రువు ఓడని పట్టుకుని ఈడ్చుకొచ్చేస్తాయి. ఆ ఓడ ఇక మీదే. పద్నాలుగో మిషన్‌లో శత్రువు అయాన్ ఫ్రిగేట్లు ఒక పెద్ద బంతి ఆకారంలో కాపలా ఉంటాయి. వాటితో ఎదురెదురుగా కొట్టుకుంటే పోతారు. మేం రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చాం. పక్క రూమువాడు తలుపు తోసి, "ఏట్రా, గేమా దొంగతనమా?" అని అడిగాడు. మొదటి హోమ్‌వరల్డ్ ఎంత ఆడినా ఇంకా గుర్తుండేది ఇలాంటివే. బీదవాడి యుద్ధం అది. కట్టుకోవడానికి సరిపోయేంత ఉండదు, ఎదుటోడిది తెచ్చుకుని వాడుకోవాలి.

ఖనిజం కూడా అంతే. యుద్ధం అయిపోయాక కూడా ఆ చోటే ఉండి, రాయి తర్వాత రాయి ఏరించుకోవచ్చు. కలెక్టర్ వెళ్తుంది, తవ్వుతుంది, వెనక్కి వస్తుంది, దించుతుంది, మళ్లీ వెళ్తుంది. ఇదంతా చూస్తూ కూర్చోవాలి. బోరు అంటారు చాలామంది. మాలో అరకు వైపు నుంచి వచ్చిన ఇద్దరికి మాత్రం ఎప్పుడూ బోరు కొట్టలేదు. చిన్నప్పుడు వాళ్ల పని అదే: కేకే లైను పక్కన గట్టు మీద కూర్చుని బైలడిలా నుంచి వచ్చే ఇనుప రాయి వ్యాగన్లు లెక్కపెట్టడం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైను 1960ల్లో వేశారు, ఖనిజాన్ని మన విశాఖ పోర్టుకి దింపి జపాన్‌కి పంపడానికి. మన కొండల్ని యాభైకి పైగా సొరంగాలతో తొలుచుకుంటూ. నిండుగా వెళ్లే బండి కింది వైపు, ఖాళీ బండి పై వైపు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఇక్కడ చదువుకుంటున్నారు, సాయంత్రం పోర్టు వైపు వెళ్తే ఆ రాయి గుట్టలు పోసి ఉండటం చూస్తున్నారు. రాయి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరి కోసం వెళ్తుందో చివరిదాకా చూసిన కళ్లు. కలెక్టర్‌ని చూస్తే వాళ్లకి బోరు ఎలా కొడుతుంది?

ఇప్పుడు రెండోది. న్యాయంగా చెప్పాలంటే ఆడటానికి ఇదే సుఖం. మెనూలు శుభ్రంగా ఉంటాయి. ఏం కడుతున్నాం, ఎంత టైము పడుతుంది, అన్నీ ఒక పక్కన కనిపిస్తాయి. పెద్ద ఓడల మీద భాగాల్ని గురి పెట్టి కొట్టొచ్చు, ఇంజన్లు పోగొట్టొచ్చు, ఫైటర్లు తయారు చేసే గదిని పోగొట్టొచ్చు. ఇది నిజంగా గొప్ప మార్పు. పెద్ద ఓడ అంటే ఒక రక్తం గీత కాదు, దానికి కాళ్లూ చేతులూ ఉంటాయి. అందంగా కూడా ఉంటుంది. దుమ్ము మేఘాలు, విరిగిపోయిన పురాతన ఓడల అస్థిపంజరాల మధ్య యుద్ధాలు. రాత్రి కైలాసగిరి మీద నుంచి చూస్తే సముద్రంలో లోపలికి రావడానికి వంతు కోసం ఆగిన ఓడల లైట్లు వరసగా కనిపిస్తాయే, రెండో గేమ్‌లో సెన్సార్ మ్యాప్ తెరిస్తే అదే గుర్తొస్తుంది.

కానీ ఇంధనం పోయింది. ఫైటర్లు ఒక్కొక్కటి కాదు, దళాలుగా వస్తాయి, ఇంటర్‌సెప్టర్లు ఐదేసి. ఐదుగురిలో ముగ్గురు పోయినా దళం ఉంటుంది, మదర్‌షిప్‌కి వెళ్లి వస్తే మళ్లీ ఐదుగురవుతారు. పోయిన ముగ్గురు ఎవరు? ఆట అడగదు. మిషన్ లక్ష్యం పూర్తవగానే మిగిలిన ఖనిజం మొత్తం దానంతట అదే ఖాతాలో పడిపోతుంది, వెంటనే దూకేస్తారు. ఊపిరి పీల్చుకోవడానికి ఆగడం లేదు, ఏరుకోవడం లేదు, తగలబడిన ఓడల మధ్య కాసేపు ఊరికే తిరగడం లేదు. సాల్వేజ్ కార్వెట్ల బదులు మెరైన్ ఫ్రిగేట్లు పెట్టారు. వాటితోనూ ఓడల్ని పట్టుకోవచ్చు గానీ అది ఖరీదైన పని. బీదవాడి తెలివి కాదు, డబ్బున్నవాడి దాడి.

మాకు ఎక్కువ కోపం వచ్చింది ఇంకో దానికి. రెండో దానిలో మీరు ఎన్ని ఓడలతో మిషన్‌లోకి వెళ్తారో చూసి శత్రువు బలాన్ని పెంచుతుంది గేమ్. జాగ్రత్తగా ఆడి అందరినీ బతికించుకుంటే శత్రువు రెట్టింపు వస్తాడు. ఇది తెలిసిన ఆటగాళ్లు కొంతమంది మిషన్ ముగిసే ముందు సొంత ఓడల్నే రద్దు చేసేసుకుంటారు, తర్వాతది తేలికవుతుందని. ఒక్కసారి ఊహించండి. మొదటి గేమ్ ఆరు పెట్టెల్లో జనాన్ని ఎలాగైనా కాపాడమని చేతులు వణికించింది. రెండోది తక్కువ మంది ఉంటే నీకే మంచిది అని నేర్పిస్తుంది.

సరే, ఇవి ఆట లెక్కలు. అసలు గొడవ మొదలైంది కథ దగ్గర.

మొదటి గేమ్ మధ్యలో కడేష్ అనే మేఘం వస్తుంది. అక్కడ ఉండేవాళ్లు తమ తోటలోకి వచ్చిన ఎవర్నీ బయటికి పోనివ్వరు. కలిసిపో, లేదా చచ్చిపో. రెండు మిషన్లు వాళ్లతో యుద్ధం. చివరికి మేఘం నడిబొడ్డున ఒక పాత ఓడ కనిపిస్తుంది, అచ్చం ఖరాక్ ఇసుకలో దొరికిన ఓడ లాంటిదే. అంటే వీళ్లూ మనవాళ్లే. అప్పట్లో వెళ్లగొట్టినప్పుడు దారిలో ఆగిపోయినవాళ్లు. భయంతో దాక్కుని, ఆ భయాన్నే దేవుణ్ణి చేసుకున్నారు. ఆ సంగతి తెలిసేసరికి మీ చేతులకి వాళ్ల రక్తం అంటుకుని ఉంటుంది. గేమ్ దాని మీద ఉపన్యాసం ఇవ్వదు. ముందుకెళ్తారు. కానీ శత్రువుకి ఒక కథ ఉందని, అది మీ కథలో నుంచి విరిగిన ముక్కేనని మీకు చెప్పింది.

రెండో గేమ్‌లో శత్రువు పేరు వేగర్. వీళ్లు సంచార తెగలు. గెలాక్సీ అంచు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల నాయకుడు మకాన్. హిగారా చేరి వందేళ్లయింది, మన వాళ్లు అక్కడ స్థిరపడ్డారు, ఇప్పుడు ఈ తిరుగుబోతులు వచ్చి మీద పడ్డారు. ఎందుకొచ్చారు? మకాన్‌కి ఒక పురాతన శక్తి కావాలి, తానే జోస్యంలో చెప్పిన నాయకుణ్ణి అనుకుంటున్నాడు. అంతే. వేగర్ జనానికి ఇల్లుందా, ఎవరు ఎప్పుడు వెళ్లగొట్టారు, వాళ్లలో పిల్లలు, ముసలివాళ్లు ఎక్కడుంటారు, ఒక్క మాట లేదు. కథ మొత్తం మూడు ఇంజన్ గుండెల చుట్టూ, సజూక్ అనే దేవుడి లాంటి ఓడ చుట్టూ తిరుగుతుంది. చివరికి జోస్యం మకాన్‌ది కాదు, కారన్‌ది అని తేలుతుంది. మన రాణి అసలైనది, వాళ్ల రాజు నకిలీ.

మొదటి దానిలో ఇల్లు లేక తిరిగేవాళ్లు మనం. రెండో దానిలో ఇల్లు లేక తిరిగేవాళ్లు శత్రువులు. అదే కంపెనీ, అదే గొంతు, మధ్యలో నాలుగేళ్లు. ఈ మార్పు వాళ్లకి కనిపించినట్టే లేదు.

ఈ మాట మొదట అన్నది మా ముంచంగిపుట్టు వైపు కుర్రాడు. వాణ్ణి రూములో అందరం బావ అనే పిలుస్తాం, ఇక్కడా అలాగే రాస్తాం. బావ రెండో గేమ్‌ని పదకొండో మిషన్ దగ్గర ఆపేశాడు, మళ్లీ ముట్టలేదు. కష్టంగా ఉందని కాదు. వాడు మా అందరికన్నా బాగా ఆడతాడు.

వాళ్ల తాతది ఇప్పుడున్న ఊరు కాదు. సరిహద్దు దగ్గర కట్టిన ఒక డ్యాం నీళ్ల కింద పోయింది పాత ఊరు. పిల్లల్ని, మేకల్ని, రెండు గిన్నెల్ని పట్టుకుని కొండెక్కి, ఇంకో గూడెం పక్కన ఆగారు. ఆ గూడెం వాళ్లు మొదట రాళ్లు వేశారట. రెండు వర్షాలు పడ్డాక ఒక వాలు చూపించి, అక్కడ కొట్టుకోండి అన్నారట. ఇప్పుడు అదే వాలు మీద వీళ్లకి అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉంది. వాళ్ల నాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దూలానికి కట్టాడు.

ఇప్పుడు సంగతి ఏంటంటే, కొండ అవతలి నుంచి పది పన్నెండు కుటుంబాలు వచ్చి ఈ ఊరి పైన ఆగాయి. వాళ్లది కువి మాట, వీళ్లది దేశియా. వాళ్లు నాలుగేళ్లుగా అక్కడే రాగులు, సామలు వేసుకుంటున్నారు. చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉంటేనే హక్కు. వీళ్లు తర్వాత వచ్చారు కాబట్టి కాగితం మీద వీళ్లకి ఏమీ లేదు. నీళ్ల ఊట దగ్గర రెండుసార్లు కొట్లాట అయింది. ఈ శనివారం గ్రామసభ. వాళ్లని పంపించెయ్యాలని తీర్మానం రాయాలట. రాయడానికి చదువుకున్నోడు కావాలి, బావకి ఫోను వచ్చింది. ఫోన్‌లో వాళ్ల బాబాయి అన్న మాట బావ మాకు చెప్పాడు: "ఆళ్లు ఏటో మనకి తెల్దు, ఎక్కడోళ్లో తెల్దు."

వేగర్ గురించి రెండో గేమ్ చెప్పింది కూడా అంతే కదా, అన్నాడు బావ. ల్యాప్‌టాప్ మూసేశాడు.

ఇక్కడే మాలో ఒకడు, కొయ్యూరు వైపు వాడు, అడ్డం పడ్డాడు. వాడి వాదన కూడా రాయాలి, తేలిగ్గా తీసేసేది కాదు. వాడు అనేది ఏంటంటే, మొదటి గేమ్ తేలికైన ప్రశ్న అడిగింది. ఇల్లు పోయింది, వెతుక్కో. అందులో మనం ఎప్పుడూ మంచివాళ్లమే. రెండోది కష్టమైన చోట మొదలైంది: ఇల్లు దొరికింది, వందేళ్లు గడిచాయి, ఇంకొకడు వచ్చాడు, ఇప్పుడేం చేస్తావు? వచ్చినవాడి బాధ వింటూ కూర్చుంటే ఉన్నది పోతుంది. వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉన్నా మైదానం వాళ్లు ఎన్ని దారుల్లో భూమి పట్టుకున్నారో అరకు రోడ్డు మీద రిసార్టులు చూస్తే తెలుస్తుంది. 1997లో సమత తీర్పు వచ్చింది కాబట్టి ప్రైవేటు గనులవాళ్లు ఆగారు, లేకపోతే మన కొండలు కూడా వ్యాగన్లెక్కి పోర్టుకి దిగేవి. "జాలి పడినోడి భూమే ముందు పోతాది" అన్నాడు వాడు. మా దగ్గర దీనికి వెంటనే జవాబు లేకపోయింది.

తర్వాత రెండు రోజులకి వచ్చింది ఒక జవాబు, అదీ సగమే. ప్రశ్న గొప్పదే. గేమ్ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చి, దాన్ని అడగకుండా పక్కనుంచి వెళ్లిపోయింది, మా ఫిర్యాదు అది. రిసార్టు కట్టేవాడు, ఇల్లు పోయి వచ్చినవాడు ఇద్దరూ ఒకేలాంటి బయటివాళ్లా? ఈ తేడా చూడాలంటే వచ్చినవాడికి ఒక నోరుండాలి. మొదటి గేమ్ రెండు మిషన్ల కోసం వచ్చిన కడేష్ వాళ్లకి ఆ నోరిచ్చింది. రెండోది పదిహేను మిషన్ల శత్రువుకి ఇవ్వలేదు. కొయ్యూరోడు ఇంతవరకు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలన్న దాని మీద ఒప్పుకోలేదు, ఇప్పటికీ.

ఈ ఊళ్లో ఉండి ఇలాంటివి మాట్లాడుకోవడంలో ఒక విచిత్రం ఉంది. మా కిటికీలోంచి రాత్రిపూట స్టీల్ ప్లాంట్ వైపు ఆకాశం ఎర్రబడటం కనిపిస్తుంది. ఆ కొలుములకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. మదర్‌షిప్‌కి పేరు పెట్టినంత ప్రేమగా పెట్టారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో జనం ప్రాణాలిచ్చారు, అది మొదటి భాగం. 2021లో ప్రైవేటుకి అమ్ముతారన్న ప్రకటన వచ్చాక మళ్లీ టెంట్లు వేశారు, అది రెండో భాగం. రెండిట్లోనూ ప్లాంట్ కోసం పోరాడినవాళ్ల పేర్లు వినిపిస్తాయి. ప్లాంట్ కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు పక్కనే కాలనీల్లో ఉన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కుటుంబాల పిల్లలు ఉద్యోగం కోసం నిర్వాసితుల కార్డు పట్టుకుని తిరుగుతుంటే బస్టాపులో చూస్తూ ఉంటాం. మా ఇంటి ఓనరుది అలాంటి కుటుంబమే. ఆయన మాకు రూము ఇచ్చేటప్పుడు ఏ ఊరు, ఏ కులం అని అడగలేదు, అద్దె ఎప్పుడిస్తారు అని మాత్రం అడిగాడు.

ఇంకొక్క మాట మొదటి గేమ్ ముగింపు గురించి. హిగారా చేరాక కారన్‌ని ఓడ నుంచి విడదీస్తారు. అందరూ దిగాకే తను దిగుతానని పట్టుబట్టి, ఆ నేల మీద చివరిగా కాలు పెడుతుంది. రెండో గేమ్‌లో మళ్లీ ఓడలోకే ఎక్కించారు. చివర్లో విశ్వమంతా ఆమెకి మొక్కుతుంది. మా అరకు వాళ్లలో ఒకడు అన్నాడు, "పాపం, ఆవిడికి రెండు పంటలు కూడా పండించుకోనివ్వలేదు" అని. మాకు ఇంతకన్నా మంచి రివ్యూ ఎక్కడా కనిపించలేదు.

సరే, అడిగిన తమ్ముడికి సూటిగా జవాబు. ముందు మొదటిదే ఆడు. 2015లో గేర్‌బాక్స్ వాళ్లు రీమాస్టర్డ్ కలెక్షన్ తెచ్చారు, ఒకే ప్యాకులో రెండు గేములూ కొత్త రూపంలోనూ, పాత రూపంలోనూ ఉంటాయి. స్టీమ్‌లో డిస్కౌంట్ పెట్టినప్పుడు తీసుకో, నలుగురు పంచుకుంటే భారం ఉండదు. కానీ ఒక జాగ్రత్త. రీమాస్టర్‌లో మొదటి గేమ్‌ని రెండో గేమ్ ఇంజను మీద తిరిగి కట్టారు. చూడ్డానికి కళ్లు చెదురుతాయి గానీ ఇంధనం లెక్క అందులో లేదు. వ్యూహాల వరసలు కూడా మొదట సరిగా ఉండేవి కావు, 2016 అప్‌డేట్‌లో బాగు చేశారు. కాబట్టి క్లాసిక్ అని రాసి ఉన్నదే తెరువు. గ్రాఫిక్స్ కార్డు లేని మా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లోనే నడిచింది, నీ దాంట్లో కూడా నడుస్తుంది. మూడో మిషన్ రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడు. కడేష్ దగ్గర సాల్వేజ్ కార్వెట్లు కనీసం ఆరు ఉంచుకో, వాళ్ల ఫ్రిగేట్లు పట్టుకుంటే చివరిదాకా పనికొస్తాయి. ప్రతి మిషన్ చివర ఖనిజం పూర్తిగా ఏరుకున్నాకే దూకు, తొందరపడకు.

తర్వాత రెండోది కూడా ఆడు, వదలొద్దు. ఆడి, వేగర్ వాళ్లు ఎక్కడి నుంచి వచ్చి ఉంటారో నీకేమనిపిస్తుందో ఇక్కడే రాయి. మూడోది 2024లో వచ్చింది, దానికి పెద్ద కార్డు కావాలి, మన బడ్జెట్ కాదు.

పద్నాలుగో మిషన్ సేవ్ ఫైల్ ఎవరికన్నా కావాలంటే బావ దగ్గర ఉంది. వాడు రేపు పొద్దున్న కిరండూల్ పాసింజర్‌కి వెళ్తున్నాడు, పైన సిగ్నల్ ఉండదు. సోమవారం తర్వాత మెసేజ్ పెట్టండి.